పద్నాలుగో ఇంటి పిలుపు

355

ట్యాంకు: ఆరడుగుల రెండంగుళాలు. వాల్వు బాగుంది. ఎండ సైరను మోగలేదు.

పైన వేసిన అంకె ఆఫీసుది కాదు, నాది. పిల్ల పోయి ఇవాళ్టికి మూడు వందల యాభై అయిదు రోజులు. ఇది ట్యాంకు డ్యూటీ పుస్తకం. ముందు పిల్ల రాసేది, ఇప్పుడు నేను రాస్తున్నాను. ఆఫీసువాళ్ళు నీటి మట్టం చూసి పేజీ తిప్పేస్తారు, కింద ఏం రాసినా చదవరు. నాకు అక్షరాలు నేర్పింది పిల్లే, ఈ ట్యాంకు గదిలోనే. తప్పులుంటే ఇద్దరివీ అనుకోవాలి.

పేరు రాయను. మా లంకోళ్ళలో ఏడాది తిరిగేదాకా పోయినవాళ్ళ పేరు నోటితో పలకం, చేత్తో రాయం. ఏడాది తిరిగిన రోజున తల్లి గడప మీద నిలబడి, బతికున్నప్పుడు ఎలా పిలిచేదో అలాగే మూడుసార్లు బువ్వకి పిలిచి, కంచం బోర్లిస్తుంది. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఆ మనిషిని ఎవరూ బువ్వకి పిలవకూడదు. పిలిస్తే దారిలో ఉన్నవాళ్ళు వెనక్కి వస్తారు. వచ్చి లోపలికీ రాలేరు, పోనూ పోలేరు. గడప దగ్గరే నిలబడిపోతారు.

ఏ గడప పడితే ఆ గడప పనికిరాదు. బిడ్డ మొదటిసారి తనంతట తాను దాటిన గడపే కావాలి. మా గడప స్మారక గ్రామంలో ఉంది. సముద్రం చవిటిలంకని మింగే ముందు అరవై రెండిళ్ళనీ గడపలతో దూలాలతో ఊడదీసి తెచ్చి, ఈ మెట్ట మీద మళ్ళీ అలాగే నిలబెట్టారు. మమ్మల్ని మాత్రం ఏడంతస్తుల బ్లాకుల్లో పెట్టారు.

ఆ గడప మీద నిలబడనిస్తారో లేదో అడుగుదామని ఇవాళ వెళ్ళాను. ఎనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి. తీగల మీద వేలాడుతూ పోయే తీగబండిలో గంట ప్రయాణం.

గేటు లోపల సువార్త కనిపించింది. లంకలో మా పక్కింటి కోడలు. అక్కడ లంక మనిషిగా ఉండటమే తన ఉద్యోగం. పాత నేత చీర మోకాళ్ళ దాకా దోపుకుని ఉప్పు మడిలో చెక్కతో ఉప్పు లాగుతూ ఉంటుంది. చూడవచ్చినవాళ్ళు గట్టు మీద నిలబడి ఫోటోలు తీసుకుంటారు.

"ఏంటత్తా, చెప్పాపెట్టకుండా వచ్చేసేవు?" అంది.

"మడిలో ఉప్పు నిజంగా పండుతోందేంటే?"

"నీళ్ళు నిజం నీళ్ళే. ఉప్పు బస్తాల్తో తెచ్చి పోత్తారు. పండేదాకా ఎవడాగుతాడు? జనం అరగంట ఉండి పోతారు."

నవ్వాను. చాలా రోజుల తర్వాత. నవ్వుతూనే ఇద్దరం పద్నాలుగో ఇంటి వైపు నడిచాం. మా ఇల్లు. గడపకి అడ్డంగా ఎర్ర తాడు కట్టారు. తాడు ఇవతల పాతిక మంది నిలబడి దేనికోసమో ఎదురు చూస్తున్నారు.

అప్పుడు తలుపు పైనుంచి నా గొంతు వినపడింది.

"ఒసే ———, బువ్వ చల్లారిపోతంది, రాయే."

గీత పెట్టిన చోట పేరు ఉంది. పిల్ల అసలు పేరు.

గుంపులో ఆరేళ్ళ పాప ఒకతి తలుపు వైపు తిరిగి, "వస్తున్నానమ్మా" అంది. అందరూ మురిసిపోయి నవ్వారు. అలా జవాబు చెప్పమని అక్కడ బోర్డు ఉందట. సువార్త నా జబ్బ పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టింది.

"నీకు తెలుసేమో అనుకున్నానత్తా. పావుగంటకోసారి వత్తది" అంది.

356

ట్యాంకు: ఆరడుగులు. వాల్వు బాగుంది.

లెక్క వేశాను. గ్రామం తెరిచి ఉండేది రోజుకి ఎనిమిది గంటలు. గంటకి నాలుగు. అంటే రోజుకి ముప్పై రెండుసార్లు. ఇక్కడ ఏడాది పాటు నేను నోరు కట్టుకుని కూర్చుంటే, అక్కడ నా గొంతే దాన్ని రోజుకి ముప్పై రెండుసార్లు బువ్వకి పిలిచింది.

తప్పు నాదే. స్మారక గ్రామంలో వినిపించడానికి గొంతులు పట్టుకునేవాళ్ళు లంకకి వచ్చినప్పుడు మిగతావాళ్ళు జాగ్రత్త పడ్డారు. మాలో పై ఊరివాళ్ళ ముందు బిడ్డని అసలు పేరుతో పిలవరు. బుడ్డి అనో, పిట్ట అనో, తోచిందేదో అంటారు. వాళ్ళు పెట్టె తెచ్చి మా చూరుకి తగిలించి, "మీరు రోజూ మాట్లాడేవి మాట్లాడండమ్మా" అన్నారు. నేనూ సరే పిట్టా అనే పిలుద్దామనుకున్నాను. ఇంతలో పోటు వస్తోందని సైరను వేశారు. పిల్లకి అప్పుడు పదకొండేళ్ళు. గట్టు అవతల ఆడుకుంటోంది. పెట్టె మాట మరిచిపోయి గడప మీదికి పరిగెత్తి అసలు పేరుతో అరిచాను. బువ్వ అంటేనే తొందరగా వస్తుందని బువ్వ అన్నాను. పొయ్యి మీద ఏమీ లేదు ఆ వేళ.

పిల్ల వచ్చింది. పెట్టెవాళ్ళు చాలా బాగుందన్నారు. కాయితం మీద వేలిముద్ర వేశాను.

అప్పుడు నీళ్ళలోంచి దక్కింది. ఏడేళ్ళ తర్వాత ఇక్కడ, ఎవరూ బయటికి రావద్దని ఎండ సైరను మోగాక, వాల్వు బిగిసిపోయిందని ట్యాంకు పైకెక్కింది. బ్లాకులో పసిపిల్లలకి నీళ్ళు ఉండవని ఎక్కింది. దిగే ఓపిక ఎండ మిగల్చలేదు.

357

ట్యాంకు: అయిదడుగుల పది.

స్మారక గ్రామం ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి పెద్ద, వసుధ మేడం. మంచిగా మాట్లాడే మనిషి. చల్లని గదిలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. చెప్పిందంతా అడ్డం రాకుండా విని, చేతిలో ఉన్న తెర మీద రాసుకుంది.

"నూకరత్నం గారూ, మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఊరు మొత్తంలో జనం ఎక్కువసేపు నిలబడేది మీ ఇంటి దగ్గరే. ఆ ఒక్క పిలుపు కోసం మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళున్నారు."

"దాన్ని ఆపెయ్యండి మేడం గారూ. ఇంకేదన్నా పెట్టుకోండి. పాట పాడమంటే పాడతాను."

"ఒక పని చేద్దాం. అమ్మాయి ఇప్పుడు లేదన్న సంగతి కూడా బోర్డు మీద రాద్దాం. వినేవాళ్ళకి ఇంకా హత్తుకుంటుంది."

ఆవిడ మేలు చేస్తున్నాననే అనుకుంటోంది. అదే నాకు భయం వేసింది. అరిచే మనిషైతే నేనూ అరిచేదాన్ని.

తీసెయ్యడానికి దారే లేదా అని అడిగాను. కాయితం ప్రకారం తొంభై తొమ్మిదేళ్ళు ఆ గొంతు గ్రామానిదే అంది. తర్వాత కొంచెం ఆగి, "తప్పుడు వస్తువైతే తీసేస్తాం. అంటే, లంకది కానిది పొరపాటున పెట్టి ఉంటే. దానికి లంక పెద్ద సంతకం కావాలి, ఒక సాక్షి కావాలి. గొంతైతే మరతో పోల్చి చూసే పరీక్ష కూడా ఉంటుంది" అంది.

"ఆ గొంతు నాది కాదు" అన్నాను.

నా నోరే అంది. నేను అనుకుని అనలేదు.

మేడం చేతిలో తెర పక్కన పెట్టింది. "ఆలోచించుకుని రండి. పరీక్షలో మీదేనని తేలితే అది అబద్ధపు ఫిర్యాదు అవుతుంది. మీదీ, సంతకం పెట్టినవాళ్ళదీ లంక కార్డులు రద్దవుతాయి. సాక్షి మా ఉద్యోగి అయితే ఉద్యోగం ఉండదు."

లంక కార్డు మీదే మాకు నీళ్ళ వంతు వస్తుంది.

359

ట్యాంకు: అయిదడుగుల ఆరు. నిన్న రాయలేదు. నిన్న రెండుసార్లు సైరను.

లంక పెద్ద గంటాలు మావ మూడో బ్లాకులో ఉంటాడు. ఎనభై దాటాయి. కిటికీ దగ్గర మంచం వేసుకుని, కనపడని సముద్రం వైపు చూస్తూ ఉంటాడు. సంగతంతా చెప్పాను.

"ఆ గొంతు నీది కాదా?" అన్నాడు. "మూడు మడుల అవతలికి వినపడేది కదే. నువ్వు పిల్లని పిలిత్తే మా ఇంటి మీద కాకులు లేచిపోయేవి. ఈ వయసులో నా చేత అబద్ధం రాయిత్తావా?"

"ఈ వయసులో కాకపోతే ఇంకెప్పుడు రాత్తావు మావా?"

నవ్వలేదు. మంచం కింద నుంచి కాయితాల సంచీ బయటికి లాగాడు. మెట్ట భూమి కోసం లంకోళ్ళు వేసిన దావా అది. చవిటిలంక అనే ఊరు ఉండేదని, అందులో మనుషులు బతికేవారని చెప్పడానికి ఇప్పుడు ఆ అరవై రెండిళ్ళే రుజువు. ఊరి నేల నీళ్ళ కింద ఉంది.

"ఒక్కిల్లు అబద్ధమని మనమే రాసిత్తే, మిగతా అరవై ఒకటీ నిజమని ఎలా నమ్ముతారే? అవతలి లాయరు అదే అడుగుతాడు."

ఆయన మాటలో తప్పు లేదు.

"ఇంకోటి కూడా ఇను. గొంతొక్కటే తియ్యరు. దాంతో ముడిపడిందల్లా తీసేత్తారు. పిల్ల పలక, గోడ మీద అది గీసిన పడవలు, పెట్టెలో గౌను, పేరు. ఆ ఇంట్లో నీకు బిడ్డే లేదని రాత్తారు. తెలిసే అడుగుతున్నావా?"

"తెలిసే మావా."

కిటికీ వైపు తిరిగాడు. అన్నం వేళ అయింది, వాళ్ళ కోడలు కంచం తెచ్చి పెట్టింది, ఆయన ముట్టలేదు. చివరికి, "ముప్పై రెండుసార్లా?" అని అడిగాడు.

"రోజుకి."

"మా వోడు సంద్రంలో పోయినప్పుడు మా ఇంటిది ఒకసారి మరిచిపోయి పిలిచిందే. ఒకేసారి. ఆ తర్వాత పదేళ్ళు గడప తొక్కలేదు, పెరటి దారినే తిరిగింది. వాడు నిలబడున్నాడని." ఫిర్యాదు కాయితం నా చేతిలోంచి తీసుకున్నాడు. "దావా సంగతి నేను పడతాలే. ఎక్కడ పెట్టాలి సంతకం?"

360

ట్యాంకు: అయిదడుగుల మూడు. పొద్దున్నించి సైరను. ఎవరూ బయటికి లేరు.

సువార్త సాక్షి సంతకం తానే పెడతానంది. వద్దన్నాను. తనకి ఇద్దరు పిల్లలు, మొగుడు గోడలు కట్టే పనికి పోయి నెలకోసారి వస్తాడు. "నోర్ముయ్యత్తా. ఆ పిలుపు నువ్వు ఒక్కరోజు విన్నావు. నేను ఏడాదిగా వింటన్నాను, ఉప్పు లాగుతా" అంది.

పరీక్ష ఎప్పుడో ఫిర్యాదు చేసినవాళ్ళే చెప్పొచ్చట, పది రోజుల లోపల. ఆలోచన సువార్తదే. "ఏడాది తిరిగే రోజే అడుగు. గొంతు పట్టిన చోటే పరీక్ష చెయ్యాలంట, ఆ గడప మీదే. మూడుసార్లు పిలిపిత్తారంట. తాడు దాటనిచ్చేది అందుకొక్కదానికే" అంది.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఒప్పేసుకున్నాను. కబురు వెళ్ళిపోయింది, రోజు ఖాయం అయింది.

తర్వాత ట్యాంకు గదికి వచ్చి కూర్చుంటే అప్పుడు తట్టింది. మూడు పిలుపులూ నిజం గొంతుతో పిలిస్తేనే పిల్లకి అందుతుంది. నిజం గొంతుతో పిలిస్తే మర పట్టేస్తుంది. పట్టేస్తే తొంభై తొమ్మిదేళ్ళు పిలుపు ఆగదు. ముక్కుతోనో, గొంతు బిగించో దొంగ పిలుపు పిలిస్తే మర మోసపోతుంది, కానీ పిల్ల ఎవరో అనుకుంటుంది. కడపటి పిలుపు ఒక్కసారే. మళ్ళీ ఏడాది ఉండదు.

362

ట్యాంకు: నాలుగడుగుల పదకొండు.

ట్యాంకు గదిలో తలుపు వేసుకుని సాధన చేశాను. పేరు పలకకూడదు కాబట్టి బువ్వ చల్లారిపోతోంది రాయే అన్నదొక్కటే. ముక్కుతో అన్నాను. సన్నగా అన్నాను. పళ్ళు బిగించి అన్నాను. ట్యాంకు ఇనుము అన్నిటినీ తిప్పి నాకే అప్పగించింది. ఒక్కటీ బిడ్డని పిలిచినట్టు లేదు. ఎవరో తలుపు తట్టి అప్పు అడిగినట్టు ఉంది.

364

ట్యాంకు: నాలుగడుగుల ఎనిమిది. వాల్వు కొంచెం బిగుసుగా ఉంది, నూనె పోశాను.

దొంగ పిలుపే పిలుస్తాను. పిల్లకి అందకపోయినా సరే. అందని పిలుపు వల్ల అది ఉన్నచోట ఉంటుంది. ఈ ముప్పై రెండు ఆగకపోతే రోజూ వెనక్కి వస్తూనే ఉంటుంది. అదీగాక గంటాలు మావ కార్డు, సువార్త పిల్లల నోటి కూడు నా చేతిలో ఉన్నాయి.

అనుకున్నాను గానీ అన్నం సయించలేదు.

365

ట్యాంకు: నాలుగడుగుల ఏడు. పొద్దున్నే చూసి వెళ్ళాను.

తొమ్మిదింటికి గేటు తెరవగానే వెళ్ళాం. కంచానికి బదులు క్యారేజీ మూతలో ఇంత అన్నం, ఉప్పు కలిపి, చీర కొంగులో చుట్టి తీసుకెళ్ళాను. పట్నం నుంచి పరీక్ష చేసే ఆయన వచ్చి ఉన్నాడు. మనిషి చిన్నవాడే, మర్యాదస్తుడు. పద్నాలుగో ఇంటి దగ్గర జనాన్ని దూరంగా నిలబెట్టారు. తలుపు పైనున్న గొంతుని అంతసేపూ ఆపారు. గంటాలు మావని సువార్త కుర్చీలో కూర్చోబెట్టి తోసుకొచ్చింది.

నా మెడకి చిన్న క్లిప్పు పెట్టాడు. స్టాండు మీద పెట్టె, పెట్టె మీద దీపం. "పచ్చ వెలిగితే మీ గొంతేనమ్మా. ఎర్ర వెలిగితే కాదు. ఆలోచిస్తున్నంతసేపు పసుపు వెలుగుతుంది. మూడుసార్లు అనండి, మూడూ ఒకే మాట."

"నా పిలుపులు దాచుకుంటారా?"

"లేదమ్మా. పోలిక చూడగానే చెరిపేస్తుంది."

వసుధ మేడం అవునన్నట్టు తలూపింది. తాడు తీశారు.

గడప ఎక్కాను. నడిమి భాగం అరిగి గుంట పడి ఉంది. మా అత్త కాళ్ళు, నా కాళ్ళు, పిల్ల కాళ్ళు. నా పాదం తనంతట తానే ఆ గుంటలో కుదురుకుంది. మూత కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. తూర్పు వైపు చూశాను. అక్కడ సముద్రం లేదు, తీగబండి స్తంభాలు ఉన్నాయి.

ముక్కు బిగించాను. ఊపిరి తీసుకున్నాను. నోరు రాలేదు.

అందరూ చూస్తున్నారు. పరీక్ష చేసే ఆయన గడియారం చూసుకున్నాడు. నేను సువార్త వైపు చూశాను. తన ఉద్యోగం, తన పిల్లలు, అన్నీ ఆ మొహంలో కనపడ్డాయి. తను తల అడ్డంగా ఊపింది.

"మామూలుగా పిలువత్తా" అంది. "దానికి ఇనపడాలి కదా."

మావ కళ్ళు మూసుకున్నాడు.

ముక్కు వదిలేశాను. పోటు వచ్చిన రోజు ఎలా పిలిచానో అలా పిలిచాను. పేరు నోట్లోంచి ఏడాది తర్వాత బయటికి వచ్చింది. బువ్వ చల్లారిపోతోంది, రాయే.

పసుపు. తర్వాత ఎర్ర.

ఆయన పెట్టె వైపు వంగి చూశాడు. "ఇంకోసారమ్మా."

రెండోసారి ఇంకా గట్టిగా పిలిచాను. దూరంగా నిలబడినవాళ్ళు మాటలు మానేశారు. పసుపు. ఎర్ర.

అప్పుడు నాకు ఏదో అయింది. భయం పోయి కోపం వచ్చింది. పది నెలలు మోసి, పద్దెనిమిదేళ్ళు పిలిచిన గొంతు ఇది. మా అత్త అనేది ఈ పిల్ల నెల ఎక్కువే ఉంది కడుపులో అని. ఇది నాది కాదని చెప్పడానికి ఈ పెట్టె ఎవరు? పచ్చ వెలగాలనిపించింది. కార్డులు పోనీ, పిలుపు ఆగకపోనీ, ఒక్కసారి పచ్చ వెలిగి, అవును, ఈవిడే ఆ తల్లి అనాలనిపించింది. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది. కానీ అనిపించింది.

మూడోసారి ఒంట్లో ఉన్నదంతా పెట్టి పిలిచాను.

పసుపు వెలిగి అలాగే ఉండిపోయింది. మేడం దగ్గరికి వచ్చి నిలబడింది. సువార్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పసుపు వెలుగుతూనే ఉంది. మావ ఊపిరి కూడా నాకు వినపడుతోంది.

ఎర్ర.

"నూటికి ముప్పై ఎనిమిది పాళ్ళే కలిసింది" అన్నాడు ఆయన. "మీ గొంతు కాదమ్మా."

కంచం బోర్లించాలని సువార్త కళ్ళతో గుర్తు చేసింది. వంగి మూత తిప్పేశాను. మెతుకులు గడప మీద పడ్డాయి. "అదేంటి?" అని ఆయన అడిగితే, "ఏం లేదండి, మా వాళ్ళ అలవాటు" అంది సువార్త.

వసుధ మేడం కాయితం నింపుతూ తల ఎత్తింది. "నాకు అర్థం కావట్లేదు నూకరత్నం గారూ. మరి ఆ గొంతు ఎవరిది?"

"వేరే ఆవిడదండి. పిల్ల ఉన్న ఆవిడది."

ఆవిడ కలం ఆగింది. నా మొహం వైపు చూసి, సంతకం పెట్టేసింది.

ఇద్దరు పనివాళ్ళు అట్టపెట్టెతో లోపలికి వెళ్ళారు. పలక తెచ్చారు, గౌను తెచ్చారు. గోడ మీది పడవల మీద సున్నం కొట్టడం తలుపులోంచి కనపడింది. పలక ఒక్కటి ఇమ్మని అడిగాను.

"మీది కాదని తేలింది కదమ్మా" అన్నాడు పనివాడు. వెక్కిరించలేదు. అతనికి ఇచ్చిన కాయితంలో అలా ఉంది.

తాడు మళ్ళీ కట్టారు. జనాన్ని వదిలారు. నేను కూడా వాళ్ళలో కలిసి తాడు ఇవతల నిలబడ్డాను. పావుగంట ఎప్పుడవుతుందో చూడాలి, చూడకుండా తీగబండి ఎక్కలేను. కొత్తగా వచ్చినవాళ్ళు చెవుల్లో ఇయర్‌ఫోన్లు సర్దుకుంటున్నారు. ఇక్కడ ఏదో వినిపిస్తుందట కదా అని ఒకావిడ నన్నే అడిగింది. తెలీదండి అన్నాను.

పావుగంట అయింది. ఇల్లు ఎవరినీ పిలవలేదు.

ఇంకాసేపు చూశారు. తర్వాత సువార్త పాత చీర సర్దుకుని ముందుకొచ్చి, ఎప్పటి గొంతుతోనే, "పదిహేనో ఇల్లు ఇటు అండి" అంది. జనం కదిలారు. నేనూ వాళ్ళ వెనకే నడిచాను.